గడగడా చదివితే సరిపోదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"మా వాడు గడగడా చదువుతాడు మేడం, ప్రశ్న అడిగితే మాత్రం చెప్పలేడు" అని మీలో చాలామంది అంటున్నారు. ఈ నెల ఉత్తరం దాని గురించే.

అయిదో తరగతిలో ఓడరేవు మీద ఒక పేరా చదివించాం. ఒకమ్మాయి ఎక్కడా తడబడలేదు. ఓడ ఒడ్డుకు రాకుండా ఎందుకు ఆగిందంటే మాత్రం అదే వాక్యం మళ్ళీ చదివింది. తర్వాత పత్తి అమ్మకం మీద ఇంకో పేరా ఇచ్చాం. తండా నుంచి వచ్చే బాబు కూడబలుక్కుంటూ చదివాడు. రైతు రెండు రోజులు ఆగి మార్కెట్‌కు ఎందుకు పోయాడని అడగ్గానే, "పత్తి ఆరాలె గద మేడం, తేమ 12 శాతం దాటితే పత్తి కొనే సీసీఐ వాళ్ళు తీస్కోరు" అన్నాడు. పేరాలో ఆ సంగతి ఎక్కడా లేదు. నాన్నతో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డుకు పోయి వచ్చినవాడు కాబట్టి చెప్పగలిగాడు.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు బేస్‌బాల్ ఆట మీద రాసిన కథను పిల్లలతో చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే కథను బాగా చెప్పారు. మా తరగతిలో చూసిందీ అదే: విషయం ముందే తెలిస్తే చదివింది అర్థమవుతుంది.

మన బడిలో తెలుగు, లంబాడీ, ఉర్దూ ఇళ్ళ పిల్లలు, ములుగు వైపు నుంచి హాస్టల్‌కు వచ్చిన కోయ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తెలుగు ఇంటి భాష కాని పిల్లలకు ఆ పక్క పేజీ కూడా కొత్తే.

అందుకే ఇకనుంచి పుస్తకం తెరవకముందే పాఠం సంగతి మాట్లాడిస్తాం, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళతో. ఒకే విషయం మీద రెండు వారాలు మూడు నాలుగు చిన్న చిన్న పేరాలు చదివిస్తాం. అవే మాటలు మళ్ళీ మళ్ళీ ఎదురైతేనే నిలుస్తాయి. సిలబస్ ఆగిపోతుందని టెన్షన్ పడకండి, ఆ పాఠాల చుట్టూనే ఇదంతా జరుగుతుంది.

ఇంట్లో "ఎన్ని పేజీలైనయి" అని కాకుండా "అందులో ఏమైంది, ఎందుకైంది" అని అడగండి. మీకు చదువు రాకపోయినా అడగవచ్చు. లంబాడీలో చెప్పినా, ఉర్దూలో చెప్పినా పూర్తిగా వినండి. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడాలని మాత్రం దయచేసి పట్టుబట్టకండి.

వచ్చే నెల నేత పాఠం ఉంది. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన మన వరంగల్ జంపఖానాలు నేసే కొత్తవాడ కుటుంబాలవాళ్ళు ఒక పూట వచ్చి, పడుగు, పేక పిల్లల చేత పట్టించి చూపిస్తే ఆ పాఠం వాళ్ళకు తేలికవుతుంది. రాగలిగినవాళ్ళు క్లాస్ టీచర్‌కు ఒక మాట చెప్పండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు