ఏ మాట మీద బరువు వేయాలో కూడా బడిలో నేర్పించండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను గుంటూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై తొమ్మిదేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరయిన టీచర్ని. బ్రాడీపేటలో ఉంటున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు, పాత విద్యార్థులు వస్తే ఇప్పటికీ కూర్చోబెట్టి చెబుతుంటాను. ఇన్నేళ్లూ మేము చెప్పకుండా వదిలేసిన ఒక పాఠం గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వేసవిలో, నా దగ్గర పదో తరగతి దాకా చదువుకున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తయింది. ఒక కంపెనీ వాళ్లు ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తూ, రాత్రి షిఫ్టుల్లో పనిచేయగలవా అని అడిగారట. "ఐ క్యాన్ వర్క్ నైట్ షిఫ్ట్స్" అని చెప్పింది. ఉద్యోగం రాలేదు. అక్కడే పనిచేసే స్నేహితురాలు తర్వాత కనుక్కుంటే, ఈ అమ్మాయి పేరు పక్కన "రాత్రి షిఫ్టు కుదరదు" అని రాసి ఉందట. "నేను చేస్తాననే కదా చెప్పాను టీచర్, ఏం తప్పు మాట్లాడాను?" అని అడిగింది.

వ్యాకరణం ప్రకారం ఏ తప్పూ లేదు. ఫోన్లో ఎలా చెప్పావో అలాగే మళ్లీ చెప్పమన్నాను. "క్యాన్" అనే మాటను బాగా ఒత్తి, నిండుగా పలికింది. తప్పు అక్కడుంది. ఇంగ్లీషులో "చేయగలను" అని మామూలుగా చెప్పేటప్పుడు ఆ మాట మీద బరువే ఉండదు. "కన్" అన్నట్టు తేలికగా జారిపోతుంది, బరువు దాని తర్వాత వచ్చే "వర్క్" లాంటి మాటల మీద పడుతుంది. "చేయలేను" అన్నప్పుడు మాత్రం "క్యాంట్" నిండుగా పలుకుతుంది. దాని చివర "ట్" శబ్దాన్ని చాలామంది, ముఖ్యంగా అమెరికన్లు, గొంతులోనే ఆపేస్తారు. అందువల్ల వినేవాళ్ల చెవి "ట్" కోసం కాకుండా బరువు కోసం చూస్తుంది. ఈ అమ్మాయి ధైర్యంగా వినిపించాలని ఒత్తి చెప్పింది. వాళ్లకు అది "చేయలేను" అని వినిపించింది.

"క్యాన్" పాఠం ఎనిమిదో తరగతిలో ఆమెకు చెప్పింది నేనే. అర్థం బోర్డు మీద రాశాను, ఇరవై వాక్యాలు రాయించాను. ఎలా పలకాలో చెప్పలేదు. నాకు తెలియక కాదు. పరీక్షలో రాదు కాబట్టి చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ.

ఇలా ఒక మాట మీద బరువు వేసి పలకడాన్ని తెలుగులో ఊనిక అంటాం. నొక్కి చెప్పడం, ఒత్తి పలకడం అని మామూలు మాటల్లో చెప్పుకోవచ్చు. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు, వాళ్ల నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉంది. "అన్నయ్య నిన్న రైల్లో వచ్చాడు" అనే వాక్యం తీసుకోండి. "అన్నయ్యే వచ్చాడు" అంటే ఇంకెవరూ కాదని. "నిన్ననే వచ్చాడు" అంటే ఇవాళ కాదని. "రైల్లోనే" అంటే బస్సులో కాదని. మన వ్యాకరణంలో దీన్ని అవధారణార్థక ఏకారం అంటాం. అది కాకపోతే వాక్యాన్నే తిప్పేసి "నిన్న రైల్లో వచ్చింది అన్నయ్య" అంటాం. ఒక చిన్న "ఏ" తగిలిస్తే చాలు, ఏది ముఖ్యమో వినేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇంగ్లీషుకు ఆ "ఏ" లేదు. "మై బ్రదర్ కేమ్ బై ట్రైన్" అనే వాక్యంలో మాటలు ఎక్కడివక్కడే ఉంటాయి, గొంతు జరుగుతుంది. "బ్రదర్" మీద నొక్కితే మన "అన్నయ్యే", "ట్రైన్" మీద నొక్కితే మన "రైల్లోనే". మనం అక్షరంతో చేసే పనిని వాళ్లు ఎక్కువగా గొంతుతో చేస్తారు. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెబితే ఎంత వెలుగు వస్తుందో నేను కళ్లారా చూశాను. చెప్పకపోతే ఏమవుతుంది? మన ఏకారాన్ని మోసుకెళ్లి అక్కడ అతికిస్తారు. "ఇక్కడే ఉన్నాను" అనడానికి "ఐ యామ్ హియర్ ఓన్లీ" అంటారు, "ఇవాళే" అనడానికి "టుడే ఇట్సెల్ఫ్" అంటారు. మనలో మనకు ఇది బాగానే అర్థమవుతుంది, నేనూ దాన్ని నేరంగా చూడను. కానీ బయటివాళ్లకు "ఓన్లీ" అంటే "కేవలం" అనే అర్థమే తడుతుంది.

గొంతుతో పాటు ఇంగ్లీషుకు ఇంకొన్ని దారులున్నాయి. ప్రశ్నలోనూ, "కాదు" అని చెప్పేటప్పుడూ "డూ" వస్తుందని మేము నేర్పుతాం. మామూలు వాక్యంలో అది వస్తే మాత్రం ఎర్ర ఇంకుతో కొట్టేస్తాం. "ఐ డూ నో హిమ్" అంటే "ఆయన నాకు నిజంగానే తెలుసు" అని. "డూ కమ్ ఇన్" అంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని మనం "రండి రండి" అని రెండుసార్లు పిలిచినట్టు. "ద మినిస్టర్ హిమ్‌సెల్ఫ్ కేమ్" అంటే "మంత్రిగారే స్వయంగా వచ్చారు" అని. ఇవన్నీ పిల్లలకు తెలిసిన భావాలే.

విడి మాటల్లోనూ ఇదే కథ. తెలుగులో "పలు" వేరు, "పాలు" వేరు. దీర్ఘం మారితే అర్థం మారుతుంది గానీ, ఒత్తి పలికినంత మాత్రాన మారదు. ఇంగ్లీషులో "ఎక్స్‌పోర్ట్" అనే మాటలో మొదటి భాగం మీద బరువు వేస్తే ఎగుమతి అనే నామవాచకం, చివరి భాగం మీద వేస్తే ఎగుమతి చేయడం అనే క్రియ. "రికార్డ్", "పర్మిట్", "ఆబ్జెక్ట్" లాంటివి కూడా అంతే. "థర్టీన్"ను విడిగా పలికితే బరువు చివర పడుతుంది, "థర్టీ"కి మొదట్లోనే పడుతుంది. మన మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో పనిచేసే నా పాత విద్యార్థి, ఫోన్లో టన్నుల లెక్క చెప్పేటప్పుడు "వన్ త్రీ" అని అంకెలు విడగొట్టి చెబుతాడట. పదమూడు ముప్పై అవుతుందేమోనని ప్రతిసారీ టెన్షన్ అంటాడు. బడిలో అరగంటలో తీర్చగలిగిన టెన్షన్ అది.

డిక్షనరీలో ఉచ్చారణ రాసే చోట, బరువు పడే భాగానికి ముందు పైన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. అదేమిటని పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. అచ్చుతప్పు అని చెప్పినవాళ్లను నేను చూశాను. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో స్పోకెన్ ఇంగ్లీషు గైడ్లు వరసలుగా పేర్చి ఉంటాయి. ప్రతి మాటకూ ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో ఇస్తారు. ఏ అక్షరాన్ని నొక్కాలో, దేన్ని తేల్చేయాలో మాత్రం నేను తిరగేసిన వాటిలో లేదు. మన అక్షరాలన్నీ నిండుగా పలికేవే కాబట్టి, వాటిని చూసి చదివే పిల్లలు ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతారు.

రాతలో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లీషులో లాగా మన లిపిలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు లేవు. దాంతో ఉద్యోగానికి మెయిల్ రాసే పిల్లలు గౌరవంగా ఉంటుందని మొత్తం పెద్దబడి అక్షరాల్లోనే రాసేస్తారు. చదివేవాళ్లకు అరిచి మాట్లాడినట్టు ఉంటుంది. వాలు అక్షరాల (ఇటాలిక్స్) సంగతీ అంతే. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు మొత్తం పుస్తకాన్నే వాలు అక్షరాల్లో వేశాడు, నొక్కి చెప్పడానికి కాదు. ఒక మాటను నొక్కడానికి వాటిని వాడే అలవాటు తర్వాత వచ్చింది. నేనేమో క్లాసులో "వాలుగా ఉంటే ఒత్తి చదవాలి" అని ఒక్క మాటలో తేల్చేశాను. మా గుంటూరుకు 1842లోనే లూథరన్ మిషన్ వచ్చింది, ఇక్కడ చర్చిలో ఇంగ్లీషు బైబిల్ చదివే పిల్లలు ఎప్పుడూ ఉన్నారు. నా క్లాసు అబ్బాయి ఒకడు ఆదివారం ఇరవై మూడో కీర్తన చదువుతూ "ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్"లో "ఈజ్"ను గట్టిగా నొక్కాడు. పాత కింగ్ జేమ్స్ బైబిల్లో ఆ మాట వాలుగా ఉంటుంది మరి. హీబ్రూ మూలంలో లేకుండా, ఇంగ్లీషు వాక్యం కుదరడానికి అనువాదకులు చేర్చిన మాటలను అందులో అలా చూపిస్తారు. అంటే వాడు నొక్కింది మూలంలో లేనే లేని మాటను. మన తెలుగు బైబిల్లో "యెహోవా నా కాపరి" అని ఉంటుంది చూడండి, హీబ్రూలో లాగే మనకూ అక్కడ క్రియ అక్కర్లేదు. ఇది తెలిశాక వాడికి ఆ కీర్తన మీద కొత్త ఇష్టం పుట్టింది. నేను ముందే సరిగ్గా చెప్పి ఉంటే చర్చిలో నలుగురి ముందు వాణ్ని సరిదిద్దే పని ఉండేది కాదు.

పిల్లలు లండన్ వాళ్లలాగో అమెరికా వాళ్లలాగో మాట్లాడాలని నేను అడగడం లేదు. మన యాస మనది, దాన్ని దాచుకోవాల్సిన అవసరం లేదు. యాస వేరు, ఊనిక వేరు. యాస వల్ల వినేవాళ్లకు మనది ఏ ఊరో తెలుస్తుంది. ఊనిక తప్పితే మనం చెప్పిందే వాళ్లకు తెలియదు. డబ్బున్నవాళ్ల పిల్లలు దీన్ని చెవితోనే పట్టేస్తారు. ఇంట్లో వింటారు, చుట్టాలు విదేశాల్లో ఉంటారు. మిర్చి కోతకు వెళ్లే తల్లి కూతురికి బడి తప్ప ఇది వినే చోటు ఇంకెక్కడుంది?

నేను రిటైరయ్యే ముందు మూడేళ్లు తొమ్మిదో తరగతిలో ఒక పద్ధతి పెట్టాను. తెలుగు పీరియడ్‌లో పిల్లలు పద్యాలకు గణవిభజన చేస్తారు కదా, గురువు, లఘువు గుర్తులు పెడతారు. అవే గుర్తులు ఇంగ్లీషు మాటల మీద పెట్టించాను. పద్యంలో గురువు పలికే కాలాన్ని బట్టి వస్తుంది, ఇంగ్లీషులో బరువును బట్టి అని ముందే చెప్పాను. "ఎడ్యుకేషన్" అంటే "కే" మీద గురువు గుర్తు, "ఎకనామిక్" అంటే "నా" మీద. "షన్", "ఇక్" అని ముగిసే మాటలకు బరువు చాలావరకు చివరి భాగానికి ముందు పడుతుందని నేను చెప్పలేదు, పిల్లలే కనిపెట్టారు. గురువు వచ్చిన చోట బల్ల మీద ఒక దెబ్బ. నలభై ఎనిమిది మంది క్లాసులో పీరియడ్‌కు పది నిమిషాలు పట్టేది. పక్క గది మాస్టారు చప్పుడేమిటని వచ్చి, ఆయనా నేర్చుకుని వెళ్లారు.

అయ్యా, కొత్త భవనాలు, కొత్త పథకాలు అడగడం లేదు. మన బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఉన్న పుస్తకాలు ఇచ్చారు, అది మంచి ఆలోచన. వాటిలో కొత్త మాటల పట్టికలో బరువు పడే భాగాన్ని లావు అక్షరాల్లో అచ్చు వేయించండి. పాఠం చివర ఒక్క వాక్యాన్ని మూడు చోట్ల నొక్కి, మూడు అర్థాలూ తెలుగులో ఏకారంతో ఇవ్వండి. అదే వాక్యాన్ని పిల్లలు వినేలా రికార్డు చేయించండి. గొంతు మన జిల్లా టీచర్లదే అయినా చాలు. బోయపాలెం, అంగలూరు డైట్ కళాశాలల్లో తయారయ్యే కొత్త టీచర్లకు ఇది చేతితో చేసి చూపించే పాఠంగా ఉండాలి. ఆ పాఠానికి తెలుగు, ఇంగ్లీషు లెక్చరర్లు ఇద్దరూ కలిసి కూర్చోవాలి.

అన్నిటికంటే ముఖ్యం మార్కులు. పదో తరగతి ఇంగ్లీషు పబ్లిక్ పరీక్ష వంద మార్కులదీ రాతే. నోటితో చెప్పేదానికి అందులో మార్కు లేనంతకాలం, నేను చేసిన తప్పే ప్రతి టీచరూ చేస్తారు. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడిలో వాళ్లను తప్పుపట్టలేం. తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్ ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టారు. మన పిల్లలకు పదో తరగతిలోనే నోటి పరీక్షకు పది మార్కులు పెట్టండి. ఒక చిన్న పేరా చదవడం, రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడం ఉంటే చాలు. అందులో యాసకు మార్కులు కోయకూడదని మూల్యాంకనం చేసేవాళ్లకు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. లేకపోతే పల్లెటూరి పిల్లలు మళ్లీ నోరు మూసుకుంటారు.

నా దగ్గరకు వచ్చిన అమ్మాయి ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి వస్తోంది. వచ్చే నెలలో ఆమెకు ఇంకో ఇంటర్వ్యూ ఉంది. మీ శాఖ ఈ విషయం మీద టీచర్లకు ఒక్కరోజు శిక్షణ పెట్టినా, ఎక్కడైనా సరే, నా ఖర్చులతో నేను వచ్చి పాఠం చెబుతాను. నా తొమ్మిదో తరగతి పిల్లలు గురువు గుర్తులు పెట్టిన పాత నోటు పుస్తకాలు దాచి ఉంచాను, అవి కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు