నైట్రోజన్ గది నుంచి ప్రసాద్‌కు

హైదరాబాద్,
శుక్రవారం రాత్రి

ఒరేయ్ ప్రసాదూ,

నీ ఉత్తరం అందింది. పిల్లల స్కూలు, చెల్లెమ్మ కొత్త ఉద్యోగం, అన్నీ చదివి సంతోషం వేసింది. అసలు సంగతి మాత్రం చివర్లో దూర్చావు. చనిపోయినవాళ్లను ఎప్పటికైనా బతికించవచ్చన్న ఆశతో గడ్డకట్టే చలిలో భద్రపరిచే ఆల్కోర్ సంస్థ ఉంది కదా, అమెరికాలో స్కాట్స్‌డేల్‌లో ఉన్న వాళ్ల బిల్డింగ్ చూసి వచ్చానని, చనిపోయాక అక్కడ ఉండేలా మెంబర్‌షిప్ తీసుకుందామని ఆలోచిస్తున్నానని రాశావు. పైగా ఒక ప్రశ్న. "పేషెంట్లు అని పిలుస్తారు గానీ వాళ్లు లేవరు, తినరు, ఏదీ అడగరు. మరి స్టాఫ్ వారమంతా ఏం చేస్తార్రా?"

ఈ ప్రశ్నకు నాకంటే ఇష్టంగా జవాబు చెప్పేవాడు నీకు దొరకడు. మా ఐవీఎఫ్ సెంటర్లో క్రయో రూమ్, అంటే అన్నీ చలిలో దాచే గది, చూసుకునేది నేనే. మా దగ్గర ఉండేది కంటికి కనపడని ఎంబ్రియోలు, అంటే తొలిదశ పిండాలు, అక్కడ ఉండేది నిండు మనుషులు. చుట్టూ ఉండే ద్రవం మాత్రం ఒకటే, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్. కాబట్టి వాళ్ల వారం ఎలా గడుస్తుందో నాకు చాలా వరకు తెలుసు.

ముందు ఆ ట్యాంకుల సంగతి. నువ్వు చూసిన పెద్ద స్టీలు ట్యాంకులకు కరెంటుతో పని లేదు. ఇంట్లో కాఫీ ఫ్లాస్కు ఎలాంటిదో అవీ అంతే. రెండు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ, అంటే వాక్యూమ్. కరెంటు పోయినా లోపల చలి తగ్గదు. కానీ ఎంత మంచి ట్యాంకైనా నైట్రోజన్ కొంచెం కొంచెంగా ఆవిరైపోతూనే ఉంటుంది. పోయినంతా మళ్లీ పోయాలి. ఈ వారం, వచ్చే వారం, నువ్వూ నేనూ పోయాక కూడా. ఆల్కోర్ వాళ్లు బిగ్‌ఫుట్ అని పిలిచే ట్యాంకులో నలుగురు నిండు మనుషులు, మధ్యలో తల మాత్రమే భద్రపరచుకున్న మరో ఐదుగురు పడతారు. నలుగురినీ తలకిందులుగా దించుతారు. ఎప్పుడైనా లెవెల్ పడిపోతే ముందు పాదాలు తేలతాయి, తల చివరిదాకా మునిగే ఉంటుంది. ఇది విన్న రోజే నాకు వాళ్ల మీద గౌరవం కలిగింది. జరగకూడనిది జరిగితే ముందు దేన్ని కాపాడాలో కూర్చుని ఆలోచించారు.

మా దగ్గర లెవెల్ ఎలా చూస్తామో చెప్తాను. ఇప్పుడు సెన్సర్లు ఉన్నాయి, అలారం ఉంది. అయినా నేను చెక్క స్కేలు వదల్లేదు. మూత తీసి స్కేలును నిటారుగా అడుగు తగిలేదాకా దించుతాను. కాసేపు ఉంచి పైకి తీసి గాల్లో రెండు ఊపులు ఊపితే, మునిగినంత మేరా తెల్లగా మంచు పేరుకుంటుంది. ఆ తెల్లని గీత ఎక్కడ ఆగిందో అదే లెవెల్. రిజిస్టర్లో రాసి సంతకం పెడతాను, పక్కన ఇంకొకరు చూసి సంతకం పెడతారు. పోసేటప్పుడు మొదట్లో చిటపటలాడుతుంది, పొగ ట్యాంకు మూతి దాటి కిందికి జారి నేలంతా పరుచుకుంటుంది. గ్లోవ్స్ వదులుగా ఉండాలి, లోపలికి చుక్క పడితే వెంటనే విదిలించేయాలి కాబట్టి. ప్యాంటు అంచు బూటు లోపలికి దోపకూడదు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలుపులేసిన గదిలో ఆక్సిజన్ తగ్గిపోతున్నా మనిషికి తెలియదు, నేరుగా స్పృహ తప్పుతుంది. అందుకే గోడకు ఆక్సిజన్ మీటర్ ఉంటుంది, 19.5 శాతం కంటే పడితే మోగుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొట్టమొదట చూపించేది ఆ మీటరే. ట్యాంకులు ఆ తర్వాత.

ఇంకో పని ట్యాంకు ఒంటిని చూడడం. బయటి గోడ మీద చెమట పట్టినా, మెడ దగ్గర మంచు కట్టినా వాక్యూమ్ పోతోందని అర్థం. అప్పుడు ఎంత పోసినా నిలవదు, వెంటనే ఇంకో ట్యాంకులోకి మార్చాలి. మాకైతే ఎంబ్రియోలున్న చిన్న డబ్బా ఎత్తి పక్కదాంట్లో పెడితే అయిపోతుంది. వాళ్లు మనిషిని మార్చాలి, క్రేన్‌తో. కాబట్టి అక్కడి స్టాఫ్ ట్యాంకుల మధ్య ఊరికే తిరుగుతున్నట్టు కనిపిస్తే ఊరికే తిరుగుతున్నారనుకోకు.

ఇక సరఫరా. మన ఊళ్లో దీనికి క్యాలెండర్ దగ్గర పెట్టుకోవాలి. ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనం రోజు నైట్రోజన్ బండి ఎటునుంచి వస్తుంది చెప్పు? ముందు రోజుల్లోనే అన్నీ అంచుదాకా నింపి పెట్టుకుంటాం. 2021 ఏప్రిల్, మే నెలల్లో పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఆస్పత్రుల్లో జనం ఆక్సిజన్ లేక అల్లాడుతుంటే, నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను ఆక్సిజన్‌కు మార్చమని కేంద్రం చెప్పింది. అది న్యాయమే, ఎవరూ కాదనలేరు. కానీ మా బండి ఆలస్యమయ్యేది. ఆ రోజుల్లో ఇంటికెళ్లి పడుకున్నా కళ్ల ముందు స్కేలు మీది తెల్ల గీతే. లోపల ఉన్నవాటిలో కొన్ని, కీమోథెరపీకి ముందు ఒకావిడ దాచుకున్నవి. ఆవిడకు ఇంకో అవకాశం లేదు.

అలారం మోగితే ఎవరికి తెలుస్తుందన్నది నువ్వు తప్పక అడగాల్సిన ప్రశ్న, ఎందుకో విను. 2018 మార్చిలో అమెరికాలోనే క్లీవ్‌లాండ్‌లో మాలాంటి ఒక సెంటర్లో ట్యాంకు వేడెక్కి 4,000కు పైగా అండాలు, ఎంబ్రియోలు పోయాయి. నైట్రోజన్ తనంతట తాను నింపుకునే ఏర్పాటు పాడైతే చేత్తో పోస్తూ వచ్చారు. దూరాన ఉన్న స్టాఫ్‌కు కబురు పంపే అలారం ఆపేసి ఉంది. వారాంతంలో వేడెక్కింది, తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ వార్త చదివిన రోజు మా అలారం మేమే మోగించి, ఎవరెవరికి ఫోన్ వస్తుందో ఒక్కొక్కరినీ అడిగి చూసుకున్నాం. ఇప్పటికీ చూసుకుంటాం.

క్రయోనిక్స్, అంటే ఇలా మనుషుల్ని చలిలో భద్రపరిచే వాళ్ల చరిత్రలో ఇంతకంటే ఘోరం ఉంది. నువ్వు సంతకం పెట్టే ముందు తెలుసుకుని తీరాలి. 1960ల చివర్లో, 70లలో కాలిఫోర్నియాలో ఒక సొసైటీ ఉండేది. చాట్స్‌వర్త్ అనే చోట శ్మశానంలో భూగర్భ గదిలో శవాలను నైట్రోజన్‌లో పెట్టింది. నడిపింది రాబర్ట్ నెల్సన్. ఖర్చు నెలనెలా బంధువులు ఇవ్వాలి. దుఃఖం కొత్తలో ఇచ్చారు, తర్వాత మానేశారు. నైట్రోజన్ పోయడం ఆగిపోయింది. తొమ్మిది మంది కరిగి కుళ్లిపోయారని 1979లో బయటపడింది. అక్కడ సైన్స్ తప్పిందేమీ లేదు. పోయాల్సిన మనిషి పోయలేదు, పోయడానికి డబ్బు లేదు.

అదే కాలపు మనిషి జేమ్స్ బెడ్‌ఫర్డ్. 1967 జనవరి 12న చనిపోయిన సైకాలజీ ప్రొఫెసర్, ఇలా భద్రపరిచిన మొట్టమొదటి వ్యక్తి. ఆయన కుటుంబం పట్టు వదల్లేదు. ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుస్తూ, ఎక్కడున్నా నైట్రోజన్ ఆగకుండా చూసుకుంది. 1991లో ఆల్కోర్ వాళ్లు ఆయన్ను ఉంచిన పాత క్యాప్సూల్ కోసి కొత్త ట్యాంకులోకి మార్చారు. నువ్వు వెళ్లిన బిల్డింగ్‌లోనే ఉన్నాడు ఆయన. ఇన్నేళ్లలో ఆయన ట్యాంకులో నైట్రోజన్ పోసిన చేతులెన్నో ఆలోచించు. ఒక్కరూ ఆయన లేవడం చూడలేదు, చూస్తామని అనుకుని కూడా ఉండరు. మన పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల విత్తనాల జీన్ బ్యాంకు గుర్తుందా, డిగ్రీలో చూశాం? అక్కడ మైనస్ 20లో దాచిన జొన్న, కంది గింజల్ని అప్పుడప్పుడూ తీసి మొలకెత్తిస్తారు, మొలక శాతం తగ్గితే పొలంలో వేసి కొత్త గింజ తీస్తారు. నాకూ అంతే. ఎంబ్రియో కరిగించిన కొన్ని గంటల్లో మైక్రోస్కోప్‌లో బతికిందో లేదో తెలిసిపోతుంది. నా పనికి ఫలితం నా కళ్లతో చూస్తాను. స్కాట్స్‌డేల్ వాళ్లకు ఆ భాగ్యం లేదు. సర్వీసంతా పోసి, రిజిస్టర్ తర్వాతి వాడికిచ్చి వెళ్లిపోవాలి. ఆ ఓర్పుకు నేను చేతులెత్తి దండం పెడతాను.

మిగతా పనులు త్వరగా చెప్పేస్తాను. మెంబర్లలో ఎవరి ఆరోగ్యం బాగాలేదో ఎప్పటికప్పుడు కనుక్కోవాలి. చావు దగ్గరపడితే టీమ్ మంచం పక్కకే వెళ్లి కాచుకుంటుంది, మనిషి పోయాడని డాక్టర్ ప్రకటించాకే ముట్టుకుంటారు. ఆ క్షణం నుంచి పరుగే. ఐస్ నీళ్లలో పెట్టడం, ఛాతీ నొక్కే మెషీన్‌తో రక్తం ఆడించడం, గడ్డకట్టకుండా హెపారిన్, ఆ తర్వాత రక్తం స్థానంలో మంచు స్ఫటికాలు పుట్టనివ్వని ద్రావణం ఎక్కించడం. ఆ పరుగు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మామూలు వారాల్లో పెట్టెలు విప్పి మందుల గడువు తేదీలు చూసుకోవాలి, డ్రిల్ చేయాలి. కొత్త పేషెంటు వస్తే రోజుల తరబడి కంప్యూటర్ చూపించే ఉష్ణోగ్రతను కాపు కాస్తూ మెల్లగా చల్లబరచాలి. ఇవి కాక ఇన్సూరెన్స్ కాగితాలు, నీలాంటి వాళ్లకు బిల్డింగ్ చూపించడం.

నాకు నమ్మకం ఉందా అని అడుగుతావు. 1992లో ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోల నుంచి 2022లో మీ అమెరికాలోనే కవలలు పుట్టారు. కాలం చలిలో ఆగుతుందన్నది నాకు రోజూ కనిపించే నిజం. కానీ ఎంబ్రియో అంటే వంద, రెండొందల కణాలు, సెకన్లలో చల్లబడిపోతుంది. మెదడంత అవయవానికి చలి మెల్లగా పడుతుంది, ద్రావణం అన్ని మూలలకూ సమానంగా చేరదు, ఎక్కువైతే అదే విషం. బాగా చల్లబడ్డాక పగుళ్లు వస్తాయి. 2023లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ఎలుక కిడ్నీని ఇలా గాజులా గట్టిపరచి, మళ్లీ వేడిచేసి, ఇంకో ఎలుకకు పెట్టి పనిచేయించారు. ఇప్పటికి అక్కడిదాకా వచ్చాం. మనిషి లేవడం చాలా చాలా దూరం. లేస్తాడని నేను నీకు చెప్పను. అలాగని నవ్వనూ నవ్వను. 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ ఫ్రీజ్ చేసిన ఎంబ్రియోతో బిడ్డను పుట్టించానంటే కమిటీ వేసి అబద్ధమన్నారు, అవమానించారు, కంటి విభాగానికి బదిలీ చేశారు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. నేనివాళ చేస్తున్న పని అప్పట్లో ఆయన చేసిందే.

డబ్బు మాట. ఆల్కోర్‌లో తల ఒక్కటైతే 80 వేల డాలర్లు, నిండు మనిషికి 2 లక్షల పైన. చాలామంది లైఫ్ ఇన్సూరెన్స్ పెడతారు. చాట్స్‌వర్త్ చూశాక బుద్ధి తెచ్చుకుని, నెలనెలా బంధువుల్ని అడిగే పద్ధతి మానేశారు. మొత్తం ముందే తీసుకుని, కొంత పేషెంట్ల సంరక్షణ ట్రస్టులో వేసి, దాని రాబడితో నైట్రోజన్ కొంటారు. నన్నడిగితే వాళ్లు కనిపెట్టిన వాటిలో గొప్పది ఇదే.

ఇప్పుడు అమ్మ సంగతి. ఇంట్లో చెప్పావా? నువ్వు రాయలేదంటే చెప్పలేదనే. ఒరేయ్, అన్నిటికంటే కష్టమైంది ఇది. నీకు పొరపాటున ఏదైనా జరిగితే, నువ్వు ఇక్కడా లేవు, కాటికీ పోలేదంటే ఆవిడ ఏమని ఏడవాలి? దినం చేయాలా వద్దా? పదకొండో రోజు, పన్నెండో రోజు ఏం చేస్తారు? శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనలో ఉంది. మెడికల్ కాలేజీకి శరీరం ఇచ్చేసినవాళ్ల ఇళ్లలోనూ కర్మ చేసుకుంటున్నారు. కాబట్టి దారి లేకపోలేదు. కానీ ఆ దారి అమ్మ ఒప్పుకుని నడవాలి, నువ్వు పోయాక తెలిసి కాదు. చెల్లెమ్మ విషయం ఇంకా ముఖ్యం. ఆస్పత్రిలో నీ పక్కన నిలబడి "ఐస్ తీసుకురండి" అనాల్సింది తనే. తనకు ఇష్టం లేకపోతే ఆ నిమిషంలో ఎవరూ ఏమీ చేయలేరు, చేయకూడదు కూడా.

ఈసారి వెళ్లినప్పుడు ఇవి అడిగి రా. థ్యాంక్స్‌గివింగ్ రోజు, క్రిస్మస్ రోజు నైట్రోజన్ ఎవరు చూస్తారు, పేరుతో సహా చెప్పగలరా? బండి రాకపోతే నిల్వ ఎన్నాళ్లు సరిపోతుంది? రాత్రి అలారం మోగితే ఎవరి ఫోన్‌కు వెళ్తుంది, ఆ మనిషి ఇల్లు ఎంత దూరం? చివరిది అసలైనది: నువ్వు ఏటా సెలవులకు బెజవాడ వస్తావు, ఇక్కడుండగా పోతే వాళ్లేం చేయగలరు, ఎన్ని గంటల్లో? డొంకతిరుగుడుగా జవాబు చెబితే ఇంకోసారి అడుగు.

అమ్మతో ఫోన్‌లో మాత్రం మాట్లాడకు. డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పు. నేనూ బెజవాడ వస్తాను. ఆ ట్యాంకులు ఎలా ఉంటాయో, లోపల ఏం జరుగుతుందో ఆవిడ అడిగినవన్నీ నేను చెప్తాను. సంతకం ఆ తర్వాతే.

ఇట్లు
నీ రమణ