సిబిల్ బాగాలేదన్నారని ఊరుకోకు

గుంటూరు

చిన్నీకి నాన్న ఆశీస్సులు.

ఇంటి లోను సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కు, బాగాలేదని తిప్పి పంపారటగా, అమ్మ చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చేస్తే ఎలా? బ్యాంకు ఏ రిపోర్టు చూసి కాదందో ఆ కాపీ రాతపూర్వకంగా అడుగు. 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం 21వ సెక్షన్ కింద అది నీ హక్కు.

ఎవరు అప్పు ఎలా కట్టారో లెక్కలు రాసే కంపెనీలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. సైటులో డబ్బు కట్టమనే పేజీ వస్తే వెనక్కి రా, ఉచిత లింకు వేరే ఉంటుంది. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు. లోను కోసం పదిచోట్ల అప్లికేషన్ పెడితే తగ్గుతుంది. ఇది తేలేదాకా ఇంకో బ్యాంకు గడప తొక్కకు.

స్కోరు సంగతి తర్వాత, ముందు పేరు, పాన్, పుట్టినతేదీ చూడు. మన వైపు ఒకే పేరు, ఒకే ఇంటిపేరు వాళ్లు ఎందరో. ఎవరి అప్పో నీ ఖాతాలో ఎక్కి ఉండొచ్చు. తర్వాత నెలల పక్కన ఉండే మూడంకెలు. 000 అంటే టైముకు కట్టావు, 030 అంటే ముప్పై రోజులు ఆలస్యం. పూర్తిగా కట్టి మూసేసిన క్రెడిట్ కార్డు దగ్గర 'క్లోజ్డ్' అని ఉండాలి. 'సెటిల్డ్' అని ఉంటే మాత్రం వదలకు. బేరమాడి తక్కువ కట్టారని దాని అర్థం, లోను ఇచ్చేవాళ్లు దాన్ని దాదాపు ఎగవేతలాగే చూస్తారు.

తప్పు కనబడితే ఆ కంపెనీ సైటులో డిస్ప్యూట్, అంటే తప్పుందని ఫిర్యాదు, పెట్టు. కంపెనీ తనంతట తాను దిద్దదు, అప్పిచ్చిన బ్యాంకు ఒప్పుకోవాలి. అందుకే అదే రోజు బ్యాంకుకూ మెయిల్ కొట్టు, ఎన్‌వోసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం), చివరి స్టేట్‌మెంటు జతచేసి. ఫిర్యాదు నంబరు, తేదీ రాసిపెట్టుకో, గడువు అక్కణ్ణుంచే లెక్క. మొత్తం 30 రోజులు, అందులో బ్యాంకుకు 21. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం, 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే ఇవ్వాలి. దిద్దం అంటే కారణం చెప్పాలి. 30 రోజులైనా తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, వాళ్ల సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టు, ఫీజు లేదు.

డబ్బిస్తే సిబిల్ క్లియర్ చేయిస్తామనే ఏజెంట్ల జోలికి పోకు. నిజంగా ఆలస్యమైన నెలని ఎవరూ చెరపలేరు, తప్పు దిద్దించుకోవడానికి పైసా అక్కర్లేదు.

నీ కార్డు ఎన్‌వోసీ బీరువాలోనే ఉంది. రేపు బ్రాడీపేటలో స్కాన్ తీయించి మెయిల్ చేస్తాను.

నాన్న