రాత్రి పది దాటాక మా షాపుకు వచ్చేవాళ్ల గురించి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి.

విజయవాడ వన్‌టౌన్‌లో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. కాళేశ్వరరావు మార్కెట్ మాకు నడకదూరం. తెల్లవారుజామున హమాలీలు నొప్పి బిళ్లల కోసం వస్తారు, పగలు బీపీ, షుగర్ పెద్దవాళ్లు వస్తారు. రాత్రి పది దాటి షట్టర్ సగం దించాక వచ్చేవాళ్లు వేరే ఉన్నారు, సూదితో మత్తు ఎక్కించుకునే కుర్రాళ్లు. ఈ లేఖ వాళ్ల గురించి.

మొన్న వేసవిలో ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లుండవు. "బాబాయ్, టూ ఎంఎల్ సిరంజి ఒకటివ్వు" అన్నాడు. డాక్టర్ చీటీ ఏదని అడిగాను. సిరంజికి చీటీ అక్కర్లేదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. లేదు పొమ్మన్నాను. గొడవ పడలేదండి. జేబులోంచి పాత సిరంజి తీసి కౌంటర్ మీద పెట్టి, "పోనీ దీనికి సూదన్నా ఇవ్వు, ఇది మొద్దుబారిపోయింది" అన్నాడు. ఆ సిరంజి మీద గీతలూ అంకెలూ పూర్తిగా చెరిగిపోయి ఉన్నాయి. సూది మొన కొంచెం వంగి ఉంది. ఎంతమంది వాడుతున్నారురా అంటే, "ముగ్గురం బాబాయ్" అన్నాడు. మోచేతి మడతలో గడ్డ కట్టి ఎర్రగా ఉబ్బి ఉంది.

నేను ఇవ్వలేదు. ఇలాంటి కుర్రాళ్లకు సిరంజిలు అమ్మితే మీరే ఇబ్బంది పడతారని అంతకు కొన్నాళ్ల ముందు అధికారులు వచ్చి మా షాపుల వాళ్లకు నోటిమాటగా చెప్పి వెళ్లారు. రాతపూర్వకంగా ఏమీ లేదు. నాకు భయమేసింది. వాడు ఆ పాతదే జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి ముగ్గురూ దానితోనే పొడుచుకుని ఉంటారు. నాకు అన్నం సయించలేదు.

మాత్రల విషయంలో నేను గట్టిగానే ఉంటానండి. మత్తు కోసం కూడా మింగే ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లో ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చినప్పుడు సంతోషించినవాణ్ణి. కొన్ని మందులు ఎవరికి అమ్మామో రాసే షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో ఒక్క ఎంట్రీ కూడా వదలను. మత్తు మాత్ర ఇవ్వకపోతే ఒకడికి మాత్ర దొరకదు. సూది ఇవ్వకపోతే మాత్రం వాడు పక్కవాడి సూది తీసుకుంటాడు. సిరంజిలో మిగిలిన రక్తపు చుక్కలో హెపటైటిస్ సి వైరస్ వారాల తరబడి బతికి ఉండగలదు. దేశంలో 2017 నాటి నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) లెక్కల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.22 శాతం ఉంటే, సూదితో మత్తు ఎక్కించుకునేవాళ్లలో 6.26 శాతం ఉంది. అలా ఎక్కించుకునేవాళ్లు దేశంలో సుమారు 8.5 లక్షల మంది ఉంటారని కేంద్రం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే తేల్చింది. వాళ్లకూ భార్యలున్నారు, పుట్టబోయే పిల్లలున్నారు.

ఈ బాధ వాళ్లతోనే ఆగదు. మా వీధి ఊడ్చే ఆమె ఒకరోజు పొద్దున్నే చెయ్యి పట్టుకుని వచ్చి, "బాబూ, కాలవ గట్టు మీద చెత్త ఎత్తుతుంటే సూది గుచ్చుకుంది, టీటీ ఇంజక్షన్ వేయించుకుంటే సరిపోతుందా?" అని అడిగింది. సరిపోదని చెప్పి ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను. హెచ్ఐవీ రాకుండా వాడే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆమె మా షాపుకు రాబట్టి సరిపోయింది. ఎవరో పసుపు అద్దుకోమంటే అద్దుకుని ఇంటికి పోయి ఉంటే? వాడిన సూది వేయడానికి చోటంటూ ఉంటే అది చెత్తలోకి ఎందుకొస్తుందండి?

చట్టం అడ్డు కాదు. పార్లమెంటు చేసిన 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 22వ సెక్షన్ చదివించుకోండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం హెచ్ఐవీ ప్రమాదం తగ్గించేందుకు చేసే పని నేరం కాదని అందులో స్పష్టంగా ఉంది. నమోదైన సూదుల మార్పిడి కార్యక్రమంలో పనిచేసే మనిషి, వాడిన సూది తీసుకుని కొత్త సూది ఇవ్వడాన్ని ఉదాహరణగా ఆ సెక్షన్‌లోనే రాశారు. ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది, తనంతట తాను వైద్యానికి వచ్చిన వ్యసనపరుడికి కేసు నుంచి రక్షణ ఇస్తుంది. ఈ రెండు సెక్షన్ల సంగతి మా షాపులకు వచ్చి హెచ్చరించే వాళ్లకూ, మాకూ తెలుగులో ఒక సర్క్యులర్‌గా పంపించండి. మాలాంటి షాపులను ఆ కార్యక్రమంలో నమోదు చేయించండి.

"సూదులిస్తే ఇంకా పాడైపోతారు కదా" అని మా ఇంట్లో కూడా అన్నారు. పాతికేళ్ల కిందట కండోమ్ గురించీ ఇదే మాట అన్నాం. అప్పుడు షాపుల్లో న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి, ఎవరూ చూడకుండా ఇచ్చేవాళ్లు. దేశంలో హెచ్ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో మనది ముందుండేది. వాడవాడలా తిరిగి, లారీ డ్రైవర్లతో, సెక్స్ వర్కర్లతో సిగ్గుపడకుండా మాట్లాడిన రాష్ట్రం మనది. ఆ పని తెలిసినవాళ్లు మీ ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలో ఇంకా ఉండే ఉంటారు. సూది దొరికిందని ఎవడూ మత్తు మొదలుపెట్టడు. సూది కోసం వచ్చినవాడితో మాత్రం మాట్లాడొచ్చు. ఆ పుండు చూడొచ్చు, రక్తపరీక్షకు పంపొచ్చు. హెపటైటిస్ సి ఉందని తేలితే జాతీయ కార్యక్రమం కింద 2018 నుంచి ఉచితంగా మందులున్నాయి, చాలామందికి పన్నెండు వారాల్లో తగ్గిపోతుంది.

ఓఎస్‌టీ, అంటే సూదితో ఎక్కించుకునే మత్తుకు బదులు మాత్ర ఇచ్చే చికిత్స, దాని గురించి మీకు నేను చెప్పేదేముంది. బ్యుప్రెనార్ఫిన్ మాత్రను సిబ్బంది ఎదుట నాలుక కింద పెట్టుకుంటే ఒళ్లు పీకడం, ముక్కు కారడం, రాత్రంతా దొర్లడం తగ్గి, మనిషి మళ్లీ పనికి పోగలుగుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది. పంజాబ్ 2017 నుంచి ఓపీ క్లినిక్కుల్లోనే ఇస్తోంది. నా విన్నపం ఒక్కటే, వేళ గురించి. మార్కెట్లో మూటలు మోసేవాడు తెల్లవారుజామున నాలుగింటికి పనిలో ఉంటాడు. రోజూ పొద్దున తొమ్మిదికి వచ్చి లైన్లో నిలబడమంటే కూలి పోతుంది. కూలి పోతే మందు మానేస్తాడు. సాయంత్రం ఆరు తర్వాత వన్‌టౌన్‌లోనే ఒక గదిలో ఇప్పించండి.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. మా వెనక వీధిలో ఒకావిడ గాజులు తాకట్టు పెట్టి కొడుకును ఊరవతల ఒక డీ-అడిక్షన్ సెంటర్లో మూడు నెలలు ఉంచింది. ఒళ్లు చేసి, నున్నగా గడ్డం గీయించుకుని ఇంటికొచ్చాడు. నాలుగో రోజు బాత్‌రూంలో పడి ఉన్నాడు. పెదాలు నీలం. మూడు నెలలు మానేసిన ఒళ్లు పాత మోతాదు తట్టుకోలేదని ఆ తల్లికి అక్కడ ఎవరూ చెప్పి పంపలేదు. నల్లమందు జాతి మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే నాలోక్సోన్ ఇంజక్షన్ మనిషిని వెనక్కి తెస్తుంది. దాని ప్రభావం త్వరగానే తగ్గుతుంది కాబట్టి ఆసుపత్రికీ తీసుకెళ్లాలి. ఆ మందు ప్రతి 108లో ఉండేలా, సిబ్బంది దాన్ని వెంటనే గుర్తుపట్టి వాడేలా చూడండి. సెంటర్ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ నాలుగు మాటలు ఇంట్లోవాళ్లకు చెప్పాలని నిబంధన పెట్టండి. ఆవిడ ఇప్పటికీ మా షాపుకు వస్తుంది. నిద్ర మాత్ర అడగదు, గ్యాస్ బిళ్లలే కొనుక్కుని పోతుంది.

మత్తు అమ్మేవాళ్ల సమాచారం చెప్పమని 1972 నంబరు స్టిక్కరు మా గోడ మీద ఉంది. ఉండాల్సిందే. మత్తు మానాలనుకునేవాడు ఫోన్ చేసే 14446 స్టిక్కరు మాకెవరూ తెచ్చివ్వలేదు, నేనే మార్కర్ పెన్‌తో అట్ట మీద రాసి పక్కనే తగిలించాను. వీళ్లందర్నీ కలిపి "బ్లేడ్ బ్యాచ్" అనేస్తారు ఊళ్లో. అందులో కొందరిని చంటిపిల్లలుగా వాళ్లమ్మల చంకన చూశాను, గ్రైప్ వాటర్ నేనే ఇచ్చాను.

మా షట్టర్ పక్కన, కరెంటు మీటరు కింద మూడడుగుల గోడ ఖాళీగా ఉంది. వాడిన సూదులు వేసే పెట్టె అక్కడ పడుతుంది, టేపు పెట్టి కొలిచాను. అది నిండితే ఎవరు వచ్చి తీసుకెళ్తారో మీ శాఖ నుంచి ఒక్క కాగితం పంపండి. మర్నాడే బిగించేస్తాను.

భవదీయుడు,
ఒక ఫార్మసిస్టు,
వన్‌టౌన్, విజయవాడ