పాత ఫైళ్లు చదివే పని పిల్లకాయలకు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో కాలేజీ పిల్లలు పోలీసుల పాత కేసులు చదువుతున్నారన్న వార్త చూసినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని ఉంది. టెక్సాస్ రాష్ట్రం ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీలో క్రిమినాలజీ (నేరశాస్త్రం) విద్యార్థులకు అక్కడి పోలీసులు ఎటూ తేలని కేసుల ఫైళ్లు ఇచ్చారు. పిల్లలు అడిగిన ప్రశ్నలతో 1991లో జరిగిన ఒక మహిళ హత్య కేసును డిటెక్టివ్‌లు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. రిటైరైన పోలీసుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఈ వార్త పెడితే, ‘మన దగ్గర అయ్యే పనేనా’ అన్నారు చాలామంది. అవుతుందనే నేనంటాను.

నేను కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హైవే పక్క స్టేషన్లే ఎక్కువ. ఎఫ్‌ఐఆర్ రాయడం దగ్గర్నుంచి ఫైలు కుట్టి కోర్టుకు పంపేదాకా ప్రతి కాగితం రైటర్ చేతి మీదుగా పోవాల్సిందే. ఒక కేసు ఎప్పుడు చల్లబడిందో సీఐ కన్నా ముందు రైటర్‌కు తెలుస్తుంది. ‘విచారించితిని, ఆచూకీ తెలియలేదు, దర్యాప్తు కొనసాగుచున్నది’ అన్న ముక్కే కేస్ డైరీలో మళ్లీ మళ్లీ పడుతుంటే, ఇక ఆ ఫైలు బీరువా ఎక్కబోతోందని అర్థం. కొన్నాళ్లకు అన్‌డిటెక్టెడ్, అంటే నేరస్థుడు తేలలేదు అని కోర్టుకు రిపోర్టు వేస్తాం. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటాం. సంతకం పెట్టి, ‘ఇంక అంతేనా సార్’ అని అడుగుతారు. ఆ మాట నోటీసు పట్టుకెళ్లిన కానిస్టేబుల్‌ను అడుగుతారు. అతను ఏం చెబుతాడు?

పోలీసులకు తెలివి చాలక కేసులు మూలన పడతాయని జనం అనుకుంటారు. నేను చూసినంతలో ఫైలును మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒక్కచోట కూర్చుని చదివే తీరిక ఎవరికీ ఉండదు. హత్య జరిగిన వారానికే రొట్టెల పండగ వస్తుంది, సగం స్టేషన్ నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బందోబస్తులో ఉంటుంది. అది అయ్యేసరికి ఎన్నికలు, మంత్రి పర్యటన, పెంచలకోన ఉత్సవాలు. ఈలోగా ఎస్సైకి ట్రాన్స్‌ఫర్. కొత్తగా వచ్చిన ఆయన ముందు ఈ రోజు వచ్చిన కేసు చూడాలి గానీ పాతది కాదు. ఆయనది తప్పనలేం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాలో చేరినప్పుడు ఆఫీసులు, అధికారులు మారిపోయారు. అలా మారిన ప్రతిసారీ ఆ ఫైలు సంగతి నోటితో చెప్పగలిగిన మనిషి ఒకరు తగ్గిపోతారు.

ఒక ఫైలు గురించి చెబుతాను. ఊరు పేరు చెప్పను. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. హైవేకి కాస్త లోపల సరుగుడు తోటలో ఒక మగమనిషి శవం దొరికింది. మెడ చుట్టూ ఒరుసుకుపోయిన గుర్తు, జేబులు ఖాళీ. ఇంక్వెస్టు పంచనామా, అంటే శవాన్ని చూసి రాసే రిపోర్టు, నేనే రాశాను. ‘నీలి రంగు గళ్ల చొక్కా, కాలర్ లోపల అరవ అక్షరాలతో టైలర్ లేబుల్ కలదు’ అని అందులో ఉంది. ఆ లేబుల్ చదవగలిగినవాళ్లు మా స్టేషన్‌లో లేరు. చదివించాలని సీఐ గారు అన్నారు, రిమైండర్ కూడా రాసుకున్నాం. మర్నాడే ఇంకో ఊళ్లో గొడవలైతే అందరం అక్కడికి పరిగెత్తాం. చొక్కాను గుడ్డసంచిలో వేసి, సీలు వేసి, ప్రాపర్టీ గదిలో పెట్టారు. ఆ మనిషి ఎవరో నేను రిటైరయ్యేదాకా తేలలేదు. టైలర్ పేరు, ఊరు పేరు తెలిస్తే హంతకుడు దొరికేవాడని నేను అనను. కనీసం ఏ ఊరి వాడో తెలిసి, ఇంటివాళ్లకు కబురు అందేది. ఈ రోజు డిగ్రీ పిల్లకాయ చేతిలో ఆ లేబుల్ ఫోటో పెడితే ఫోన్‌లోనే ఆ అక్షరాలు చదివి చెబుతాడు. కాకపోతే ఆ ఫైల్లో అలాంటి ముక్క ఒకటి ఉందని ముందు ఎవరో ఒకరు చదవాలి కదా.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమవుతుందో మన ఒంగోలు వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2008లో ఇనుము లోడుతో పోతున్న లారీ ఒకటి డ్రైవర్‌తో సహా కనపడటం లేదని ఫిర్యాదు వచ్చింది. లాగితే డొంకంతా కదిలింది. అధికారుల వేషంలో లారీలు ఆపి, డ్రైవర్లను, క్లీనర్లను చంపి, పూడ్చిపెట్టి, సరుకు అమ్ముకున్న మున్నా ముఠా బయటపడింది. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది. పోయిన లారీలు వేర్వేరు ఊళ్లవి, వెతికే ఇంటివాళ్లు వేర్వేరు రాష్ట్రాల వాళ్లు. దేనికదిగా చూస్తే ఒక్కోటీ ఒక్కో మిస్సింగ్ కేసు. కలిపి చూశారు కాబట్టే అది ఒకే ముఠా పని అని తేలింది. చెన్నై, కోల్‌కతా మధ్య ఇంత పెద్ద రోడ్డు మన రెండు జిల్లాల మీదుగా పోతోంది. దాని పక్కన దొరికిన గుర్తుతెలియని శవాల కాగితాలు స్టేషన్‌కొకటి చొప్పున విడివిడిగా పడి ఉన్నాయి. వాటిని తేదీల వారీగా, దుస్తుల వారీగా, గాయాల వారీగా ఒక పట్టికలోకి ఎక్కిస్తే చాలు, చాలా సంగతులు వాటంతట అవే కనపడతాయి. ఓపిక ఉంటే ఈ పనికి క్రిమినాలజీ డిగ్రీ కూడా అక్కర్లేదు.

మిషిగన్ రాష్ట్రంలో జరిగింది దాదాపు ఇదే. వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థులు అక్కడి రాష్ట్ర పోలీసులతో కలిసి 1987 నాటి ఒక హత్య కేసు కాగితాలు వేలకొద్దీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, వెతికితే దొరికేలా సర్దిపెట్టారు. హంతకుణ్ణి పట్టించింది డీఎన్‌ఏ. 2022లో అతనికి శిక్ష పడింది. పిల్లలు ఎవరినీ వెంటాడలేదు, ఎవరి తలుపూ తట్టలేదు. పోలీసులకు లేని తీరికను వాళ్లు ఇచ్చారు, అంతే. నేను అడుగుతున్నదీ అదే.

చట్టం అడ్డమొస్తుందనే మాట కూడా మా గ్రూపులో వచ్చింది. కోర్టుకు ఫైనల్ రిపోర్టు వేశాక కూడా కొత్త ఆధారం దొరికితే దర్యాప్తు కొనసాగించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీ 173(8)లో ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 193(9)లో ఉంది. హత్య లాంటి కేసులకు కాలపరిమితి లేదు. పైగా 2022 నుంచి దేశమంతటి వేలిముద్రలు వెతికే నాఫిస్ వ్యవస్థ పనిచేస్తోంది. పాత ఇంటి దొంగతనాలు, హత్యల ఫైళ్లలో ‘క్లూస్ టీం చాన్స్ ప్రింట్లు సేకరించింది’ అని, అంటే నేరం జరిగిన చోట దొరికిన వేలిముద్రలు తీసుకున్నారని ఉండి, ఆ తర్వాత వాటి సంగతే లేనివి ఏవో పిల్లలు వేరు చేసి ఇస్తే, ఆ ప్రింట్లను మళ్లీ వెతికించడం ఫింగర్ ప్రింట్ విభాగానికి కష్టం కాదు.

భయపడాల్సింది ఒక్కదాని గురించే. కాగితం బయటికి పోవడం. ఎవరో పిల్లాడు ఫోటో తీసి స్టేటస్‌లో పెడితే, ఎప్పుడో విచారణకు పిలిచి వదిలేసిన అమాయకుడి పేరు మళ్లీ ఊరంతా తిరుగుతుంది. అతని కూతురి పెళ్లి సంబంధం పోతుంది. ఇది నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అందుకని ఫైళ్లు ఎస్పీ ఆఫీసు దాటకూడదు. జిరాక్సుల్లో పేర్లు కొట్టేసి సాక్షి 1, సాక్షి 2 అని రాసి ఇవ్వాలి. ఫోన్లు గుమ్మం బయటే పెట్టించాలి. అత్యాచారం కేసులు, చిన్నపిల్లల మీద జరిగిన నేరాల కేసులు అసలు ఈ పనిలోకి తేకూడదు. బాధితురాలు ఎవరో బయటపెట్టడమే నేరం. అనుమానితుడు ఎవరో తేల్చమని పిల్లల్ని అడగనే కూడదు. ఈ కాగితానికీ ఆ కాగితానికీ పొంతన లేదు, ఫలానా సాక్షిని రెండోసారి అడగలేదు, ఫలానా వస్తువు ల్యాబ్‌కు పోయినట్టు రసీదు లేదు అని మార్జిన్‌లో రాసిస్తే చాలు. మిగతాది సీఐ పని.

పిల్లలు ఎక్కడ దొరుకుతారంటారా? నెల్లూరులో వి.ఆర్. లా కాలేజీ ఉంది, విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది. ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఉంది, కావలిలో జవహర్ భారతి ఉంది. డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మా ఇంటి పక్క అమ్మాయి ఇంటర్న్‌షిప్ పేరుతో డబ్బు కట్టి, ఒక్కరోజు కూడా పోకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంది. బాగా చదివే పిల్ల, చేయడానికి పని లేక అలా చేసింది. అలాంటి పిల్లలు పదిమంది ఒక టేబుల్ చుట్టూ కూర్చుంటే ఎంత పని అవుతుందో నాకు తెలుసు.

ఇంకో చిక్కు ఉంది, అది పోలీసులకే తెలుసు. పాత డైరీలన్నీ చేతిరాతే. కార్బన్ కాపీల మీద ఇంకు అలికిపోయి ఉంటుంది. మా రైటర్లు వాడిన పొట్టి మాటలు బయటివాళ్లకు అర్థం కావు. ‘ఎల్.డబ్ల్యు.’ అంటే సాక్షి అనీ, ‘ఎం.ఓ.’ అంటే స్వాధీనం చేసుకున్న వస్తువు అనీ ఎవరో చెప్పాలి. స్కాన్ చేసినంత మాత్రాన కంప్యూటర్ ఆ రాత చదవలేదు. రాసినవాళ్లం చదవగలం. మాలో చాలామందికి డెబ్బై దాటింది. మేం ఉండగా ఈ పని జరగాలన్నదే నా తొందర.

కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని ఉంది, మంచిదే. పాత కేసుల వాళ్లకు అలా చెప్పేవాళ్లు లేరు. సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీ పట్టుకుని ఇంకా వస్తున్నవాళ్లు ఉన్నారు. ‘మీ ఫైలు మళ్లీ చదువుతున్నాం’ అన్న ఒక్క మాట వాళ్లకు చెప్పగలిగినా తక్కువేం కాదు.

రెండు జిల్లాల ఎస్పీ గార్లను, యూనివర్సిటీ అధికారులను నేను కోరేది ఇంతే: ఒక్క సబ్ డివిజన్‌లో, హైవే పక్క గుర్తుతెలియని శవాల ఫైళ్లతో, ఒక్క బ్యాచ్ పిల్లలతో వచ్చే సెలవుల్లో మొదలుపెట్టండి. అక్షరాలు చదివిపెట్టడానికి నేను వస్తాను. జీతం, భత్యం అడగను. కావలిలో, సింగరాయకొండలో, కందుకూరులో నాతో పనిచేసిన రైటర్లు ఇంకా ఉన్నారు. వాళ్లను పిలుచుకొచ్చే పూచీ కూడా నాదే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎస్సై,
కావలి, నెల్లూరు జిల్లా