గోవన్ రాళ్ల గురించి, గ్లాస్గోలో వారసత్వ కట్టడాలు చూసే అధికారి గారికి

అయ్యా, నమస్కారం. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో గోవన్ అనే పేటలో ఉన్న పాత చర్చి సమాధుల తోటలో తవ్వకాలకి నిధులు ఆపొద్దని అడగడానికే ఈ లేఖ. 9 నుంచి 11వ శతాబ్దాల మధ్య చెక్కిన 31 స్మారక రాళ్లు చర్చి లోపల భద్రంగా ఉన్నాయి, సంతోషమే. అందులో ఐదు వైకింగుల తరహావి, పెంకుటిల్లు కప్పులా ఉంటాయి, వరసలు వరసలుగా పెంకులు కూడా చెక్కారు. 1855లో దొరికిన రాతి శవపేటిక మీద గుర్రపు రౌతు జింకని తరుముతుంటాడు, చుట్టూ అల్లిక ముడులు.

మరి బయటివి? 1973లో పక్క షిప్‌యార్డ్ కూల్చినప్పుడు గోడవారన ఉన్న రాళ్లు శిథిలాలతో పాటే పోయాయనుకుని అందరూ వదిలేశారు. 2019లో తవ్వకానికి వచ్చిన 14 ఏళ్ల స్కూలు కుర్రాడు నేలలో పొడిచి చూస్తే ఠంగుమంది, మొత్తం మూడు బయటపడ్డాయి! పెద్దవాళ్లంతా ఇన్నేళ్లు ఏం చేసినట్టో.

కాబట్టి గోడ పొడవునా పూర్తిగా వెతికించండి, అటువైపు ఎవరు కట్టడానికి అనుమతి అడిగినా ముందు తవ్వి చూశాకే సంతకం పెట్టండి, స్కూలు పిల్లల్ని కూడా పిలవండి.

ఇట్లు,
గ్లాస్గోలో ఉంటున్న ఒక తెలుగువాడు