మాత్రలు కాదు, రోజులు లెక్కపెట్టు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివాను. నాలుగు నెలలుగా తలనొప్పితోనే నిద్ర లేస్తున్నానని, మాత్ర పడితే గాని ఏ పనీ సాగడం లేదని రాశావు. రెండేళ్ల క్రితం నేను మా అన్నయ్యతో అన్నవీ ఇవే మాటలు కాబట్టి వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

అప్పట్లో నా సంచిలో ఒక స్ట్రిప్పు, దిండు కింద ఒక స్ట్రిప్పు ఉండేవి. చీకట్లో దీపం వేయకుండానే, వేలితో తడిమి, ఇంకా ఏ గడిలో మాత్ర మిగిలి ఉందో కనిపెట్టగలిగేదాన్ని. న్యూరాలజిస్టు గారు మాత్రం ఎన్ని మాత్రలు వేసుకున్నానని కాక, నెలలో ఎన్ని రోజులు వేసుకున్నానని అడిగారు. వేళ్లు మడిచి లెక్కపెడితే ఇరవై రెండు రోజులు తేలింది. నన్ను కాపాడుతున్నదని నమ్మిన మందే నా తలనొప్పిని నిలబెడుతున్నదని ఆ రోజు తెలిసింది.

నొప్పి మాత్రలు అతిగా వాడటం వల్ల వచ్చే ఈ తలనొప్పికి వైద్యులు పెట్టుకున్న హద్దులు స్పష్టంగా ఉన్నాయి. ముందు నుంచే మైగ్రేన్ వంటి తలనొప్పి ఉన్నవారు పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ వంటి మామూలు మాత్రలను నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడుతూ, నెలలో 15 రోజులకు తక్కువ కాకుండా తలనొప్పితో బాధపడుతుంటే ఈ జబ్బును అనుమానిస్తారు. మైగ్రేన్ కోసం ఇచ్చే ట్రిప్టాన్లు, కోడీన్ వంటి బలమైన నొప్పి మందులైన ఓపియాయిడ్లు, లేదా కెఫీన్ వంటివి కలిపిన మిశ్రమ మాత్రలైతే 10 రోజులే హద్దు. తలనొప్పి చరిత్ర లేకుండా కీళ్ల నొప్పులకు రోజూ మాత్రలు వాడేవారిలో సాధారణంగా ఇది కనిపించదు. తలనొప్పికి లోనయ్యే స్వభావమున్న మెదడు పదే పదే మందుకు అలవాటుపడి, నొప్పిని గుర్తించే తీరు మరింత సున్నితమైపోతుందని, అందుకే మందు ప్రభావం తగ్గేసరికి నొప్పి తిరిగి తల ఎత్తుతుందని న్యూరాలజిస్టు గారు వివరించారు. తెల్లవారుజామున నొప్పి ఎందుకు మొదలయ్యేదో అప్పుడు అర్థమైంది. ఇది నా బలహీనత కాదని తెలియడమే నాకు సగం ఊరట. నీకూ అదే చెబుతున్నాను.

మానేసిన మొదటి వారం కష్టంగా గడిచింది. నొప్పి తగ్గకపోగా పెరిగింది, వికారం వచ్చింది, నిద్ర పట్టలేదు. చాలామందికి ఈ దశ రెండు నుంచి పది రోజులు ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకోగలిగాను. ఆ తర్వాత తెరిపి రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. అయితే నువ్వు వాడుతున్న వాటిలో ఓపియాయిడ్ ఉన్న మాత్ర ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపవద్దు. దాన్ని వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. నొప్పి రాకుండా ముందే వాడే ప్రొప్రనొలాల్, టోపిరమేట్ వంటి మందులు కొందరికి ఎంతో తోడ్పడతాయి, కానీ ఏది నీకు తగినదో నిన్ను చూసే వైద్యులే నిర్ణయించాలి.

ఒకవేళ ఎప్పుడైనా క్షణాల్లో తారస్థాయికి చేరే నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అది ఈ లెక్కలోకి రాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

ఈ రాత్రే ఒక చిన్న పుస్తకం తీసి తేదీ, నొప్పి వచ్చిన వేళ, వేసుకున్న మాత్ర పేరు రాయడం మొదలుపెట్టు. వైద్యుల దగ్గరికి దాన్ని తీసుకువెళ్లు. గత నెలలో ఎన్ని రోజులు తేలాయో మాత్రం నాకు ముందుగా రాయి.

నీ స్నేహితురాలు